గీతల లెక్క, మరల లెక్క

ఆయన మర తిప్పాడా, తిప్పలేదా? నాకు తెలియాల్సింది ఇదొక్కటే. అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది. పక్కనే ఉన్నాడు, నా మోచేతికీ ఆయన మోచేతికీ మధ్య నీళ్ల సీసా పట్టేంత జాగా కూడా లేదు, అయినా అడగను, ఎందుకడగాలి, నిన్నటినుంచి నాతో మాట్లాడనిది ఎవరు? ఆయనే. ఖమ్మం కమాన్ బజార్లో తుపాకులు బాగుచేసే షుకూర్ సాబ్, నా కన్నతండ్రి, అరవై రెండేళ్ల మనిషి, మూతి ముడుచుకుని వాగు గట్టు మీద బోర్లా పడుకుని రైఫిల్ పట్టుకుని ఉన్నాడు, పక్కన కూతురనేది ఒకటుందని గుర్తు లేనట్టు. ఐదు దాటింది. ఎదురుగా రెండు వందల మీటర్ల అవతల ఇసుక, ఇసుకలో సన్నటి నీటి పాయ, దాని వెనక ఎర్రమట్టి దరి, ఆ పైన అడవి. దెబ్బ తిన్న అడవిపంది దాహానికి అక్కడికే రావాలి. నిన్న రాత్రి వచ్చి పోయింది, పొద్దున చూస్తే ఇసుకలో గిట్టల గుర్తులు, నల్లబడ్డ రక్తం చుక్కలు ఉన్నాయి. ఇవాళ చీకటి పడేలోపు వస్తే మా దగ్గర రెండు తూటాలున్నాయి. చేలు పాడుచేసే పందిని కొట్టడానికి ఫారెస్టోళ్లు ఇచ్చిన అనుమతి కాగితం గడువు కూడా ఇవాళ్టితో సరి.

దగ్గరికి పోయి కొట్టొచ్చు కదా అంటాడు ఊళ్లో ప్రతివాడూ. పొదల్లో కడుపు చిరిగిన పంది ఉంటే దగ్గరికి ఎవడు పోతాడు? ఈ ఊరి బొజ్జయ్య కూడా పోలేదు, పాపం, ఆయనకు అది అక్కడ ఉందనే తెలియదు. నిన్న తెల్లవారుతుండగా బుట్ట పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పూలేరడానికి వెళ్లాడు, వంగి ఏరుతున్నవాడి మీదికి పొదలోంచి వచ్చి తొడ చీల్చింది. టేకులపల్లి దాకా ట్రాక్టర్లో, అక్కణ్ణుంచి కొత్తగూడెం పెద్ద దవాఖానాకు అంబులెన్సులో. కాలు ఉంచుతారో తీసేస్తారో ఇంకా చెప్పలేదు. పంది ఊరికే మనిషి మీదికి రాదు, దాని కడుపులో మా తూటా ఉంది కాబట్టి వచ్చింది. మొన్న సాయంత్రం మేం కొట్టిన దెబ్బ. మేం అంటే ఎవరం? అదే కదా గొడవ. కొట్టింది ఆయన, లెక్క చెప్పింది నేను. భుజంలో దిగాల్సింది కడుపులో దిగింది. దున్నపోతంత పంది కళ్లెదుట నిలబడి ఉంటే, గాలి లేదు, తొందర లేదు, ముప్పై ఐదేళ్ల చెయ్యి వణకలేదు, అయినా తప్పింది. తుపాకీ తప్పలేదు, మనుషులం తప్పాం.

అంతా రైఫిల్ మీది ఈ స్కోపు వల్ల. దీన్ని వాగులో పారేయాలి! హైదరాబాద్‌లో ఎవరో పాత షికారీ కొడుకు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేస్తే అబ్బా మురిసిపోయి తెచ్చాడు, అద్దాలు చూడు షబ్బూ, గంగనీళ్లలా ఉన్నయ్ అని. అద్దాలు బాగానే ఉన్నాయి. లోపల కన్ను పెడితే కనిపించే గీతలు ఒక లెక్కలో ఉన్నాయి, బయట చేత్తో తిప్పే మరలు ఇంకో లెక్కలో ఉన్నాయి. లోపల ఒక భాష, బయట ఒక భాష. గీతలేమో మిల్లులు. దూరం ఎంతైతే అందులో వెయ్యోవంతు, ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య అంతే, రెండు వందల మీటర్ల దగ్గర ఇరవై సెంటీమీటర్లు, వేళ్ల మీద చెప్పేయొచ్చు. మరలేమో నిమిషాలు. గడియారం నిమిషం కాదు, డిగ్రీని అరవై ముక్కలు చేస్తే అందులో ఒకటి, వంద గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం. మర ఒక్కసారి టిక్కుమంటే పావు నిమిషం. ఒక మిల్లులో దాదాపు మూడున్నర నిమిషాలుంటాయి. రెండూ మంచివే, దేని దారిన అది పోతే. ఒకే ఇంట్లో రెండూ పెడితే ఇదిగో, ఇట్లా.

కొత్తది కొందాం అబ్బా, లోపలా బయటా ఒకటే లెక్క ఉండేది, అని రెండేళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను. ఏ లెక్కది అని అడిగాడు, మిల్లులది అన్నాను, అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బొటనవేలు లేపి చూపించాడు. "గిది అంగుళం. మా ఉస్తాద్ గిట్లనే చూపించిండు. నీ మిల్లును ఏ వేలితోని చూపిస్తవ్?" దుకాణంలో కూర్చున్న ముసలాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను డిగ్రీలో లెక్కలు చదివింది ఆయన ఫీజు కట్టే కదా, ఎన్‌సీసీలో జిల్లా మొత్తానికి మొదట వచ్చినప్పుడు కప్పును దుకాణం అద్దాల వెనక పెట్టుకున్నది ఆయనే కదా, మరి నా లెక్కకు వచ్చేసరికి ఆ నవ్వేంది? సరే, నేను కూడా తక్కువ తినలేదు. ఆ రోజు నుంచి ఆయన నిమిషాల్లో ఏదన్నా చెప్తే వినబడనట్టు ఉన్నాను, మిల్లుల్లోనే బదులిచ్చాను, కావాలనే. అమ్మీ ఒకటే అంటుంది, తండ్రీ బిడ్డలిద్దరూ ఒకే తానులో గుడ్డలు, చించితే ఒకే చప్పుడు. మా ఇంట్లో కోపం ఉర్దూలో, పని తెలుగులో. అడవిలో ఉండేది పనే, అందుకే ఇక్కడికొస్తే బతికిపోతామనుకునేదాన్ని.

అమ్మీ అన్నది గుర్తొచ్చి నవ్వొస్తోంది, ఈ టైములో నవ్వేంది. పందిని కొట్టడానికి పోతున్నామని తెలిసిన రోజు మా అమ్మీ గులాబ్ బీ గారు వాకిట్లో రెండు బకెట్లు నీళ్లు పెట్టి, గడప తొక్కేముందు తల మీదినుంచి స్నానం, తుపాకీకి కూడా, అంది. తుపాకీకి స్నానం ఎట్లా చేయిస్తరే అని అబ్బా నెత్తి కొట్టుకున్నాడు. సాయిబులకు పంది పనేందని బజార్లో ఒకడు ఎగతాళి చేస్తే అబ్బా ఒక్కటే అన్నాడు, రైతు గింజ నేను తినట్లేదా అని. ఆ మాటకు నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అట్లాంటి మనిషే, మాటకు మాట నిలబడే మనిషే, నాతో మాత్రం రోజుల తరబడి మాట్లాడకుండా ఉండగలడు. నేను కూడా ఉండగలను.

ఏదో కదిలింది. కాదు, నెమలి. దరి మీదినుంచి దిగి ఇసుకలో రెండడుగులేసి మెడ చాచి మళ్లీ ఎక్కింది. అబ్బా వేలు ట్రిగ్గర్ దాకా పోయి వెనక్కి వచ్చింది. ఆయన కన్ను స్కోపులో ఉంది, నా కళ్లు ఆ మర మీద ఉన్నాయి. మర మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి, ఎంత తిప్పారో చూసి చెప్పడానికి లేదు. మధ్యాహ్నం రైఫిల్ తుడుస్తానని బొజ్జయ్య పెళ్లాం ఆదెమ్మ కొట్టం వెనక్కి పోయి పది నిమిషాలు ఉన్నాడు. తిప్పే ఉంటాడా? నా లెక్క ప్రకారం తూటా ఇంకా ఇరవై ఒక్క సెంటీమీటర్లు ఎడమకు పోతుంది. దాన్ని రెండు విధాలుగా సరిచేయొచ్చు. మరను కుడికి పదిహేను టిక్కులు తిప్పడం ఆయన దారి, మరను ముట్టుకోకుండా లోపలి గీతను పక్కకు పట్టి కొట్టడం నా దారి. ఏదో ఒకటే చేయాలి. ఆయన చాటుగా తిప్పేసి ఉండి, నేను గీత పట్టు అని చెప్పి, ఆయన మొండితనం పక్కన పెట్టి విన్నాడే అనుకో, ఈసారి అంతే దూరం కుడికి పోతుంది. మళ్లీ కడుపో, లేదంటే మూతో, మళ్లీ పొదల్లో ఇంకో రాత్రి. రేపు పొద్దున నీళ్లకు ఎవరొస్తారు? ఆదెమ్మే వస్తుంది, ఈ పాయ పక్కనే ఇసుకలో చెలిమ గుంట తీసుకుని ముంచుకుంటుంది. రెండు తూటాల్లో ఒకటి గురి కాగితం మీద కొట్టి చూసుకుందామంటే ఆ చప్పుడుకు పంది కొండ దాటిపోతుంది. అంతా తెలుసు, నోరు తెరవడానికే చేతకావట్లేదు.

ఆ తూటాలు పొదుపు చేసే గుణమే మా కొంప ముంచింది. అనుమతి కాగితానికి ఐదు తూటాలు. చిన్నప్పటినుంచి చూస్తున్నాను, అబ్బా తూటాను పసిపిల్లలా పట్టుకుంటాడు, లైసెన్సులో రాసినన్నే దొరుకుతాయి, ఒకటి దండగైతే ఏడాదంతా తలుచుకుంటాడు. మొన్న పొద్దున ఎండిన కుంటలో అట్టకు కాగితం అంటించి రెండు కొట్టాడు, రెండూ పక్కపక్కనే పడ్డాయి, మధ్య నుంచి ఎడమకు. నేను స్కోపులో చూసి, ఒకటిన్నర గీతలు, "ఒకటిన్నర కుడికి" అన్నాను. ఆయన మర తిప్పాడు. మూడోది కొట్టి చూసుకోవాలి, ఎవరైనా అదే చేస్తారు, మేం తప్ప. చాల్లే, తూటా దండగ, అన్నాడు. పద పద అన్నాను నేను కూడా, ఎండెక్కుతోందని.

ఆదెమ్మ వచ్చింది, వంగి వంగి, చప్పుడు కాకుండా, స్టీలు చెంబులో జావ తెచ్చింది. చెట్టంత మనిషి దవాఖానాలో పడి ఉంటే మాకు జావ తెచ్చిందీవిడ. పొద్దున్నే బస్సులో పోయి ఆయన్ని చూసి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది, మేకలున్నాయి కదా మరి. నా పక్కన మట్టిలో కూర్చుని గుసగుసగా అంది, "తాగు బిడ్డా, పొద్దుట్నుంచి ఏం తినలే నువ్వు." బొజ్జయ్యకు ఎలా ఉందని అడిగాను. అడగకపోయినా బాగుండేది. "ఏడుస్తుండు. తప్పు నాదే అంటుండు. ఊరు పండుగ చెయ్యకముందే పువ్వు ఏరిండు కదా, గందుకే దేవత పందిని తోలిందని పెద్దమనుషులంటున్రు. ఇంటికొచ్చినంక తప్పుకు జరిమానా కట్టాలంటున్రు. ఒక్క బుట్టెడు పువ్వు బిడ్డా, గా ఒక్క బుట్టెడు." ఇక్కడ కోయవాళ్లకు అదొక కట్టడి, ఏటా కొత్త పువ్వు ముందు దేవతకు పెట్టి ఊరంతా పండుగ చేసుకున్నాకే ఎవరైనా ఏరాలి. బొజ్జయ్య రెండు రోజులు ముందు పోయాడు, మేకపిల్లకు మందు కొనాలని. ఆదెమ్మ అబ్బా వైపు చూసి దండం పెట్టింది. "సాయిబు మంచిగనే కొట్టిండు. మా ఆయన తప్పుకు మీరేం చేస్తరు." చెంబు కింద పెట్టేశాను. అబ్బా కన్ను స్కోపులోంచి తీయలేదు, కాని చెవి వెనక నరం ఒకటి లేచి కొట్టుకుంటోంది. ఆవిడ కాస్త వెనక్కి జరిగి రాళ్ల చాటున కూర్చుంది, చూసి పోతానని.

చెప్పెయ్యి షబ్రీన్. చెప్పెయ్యవే. దేవత కాదమ్మా, పువ్వు కాదు, ఒకటిన్నర అని నేను మిల్లుల్లో అంటే ఆయన నిమిషాలనుకుని తిప్పాడు, అంతే, మా ఇద్దరి మధ్య గొడవ మీ ఆయన తొడలో దిగింది అని చెప్పెయ్యి. ఎట్లా చెప్పాలి? మిల్లు అంటే ఏందని ముందు చెప్పాలా, నిమిషం అంటే ఏందని చెప్పాలా? దుకాణంలో ముప్పై ఏళ్లు కూర్చున్నవాళ్లకే ఎక్కలేదు. ఛీ, ఇదొక సాకు. అర్థం కాదని కాదు, అర్థమవుతుందని భయం. నిన్న దవాఖానా వరండాలో అబ్బా ఒక చివర, నేను ఒక చివర కూర్చున్నాం. ఆయన నన్ను చూసి ఒకే ఒక్క మాటన్నాడు, "ఏ లెక్కో చెప్పొద్దా?" నేను కూడా ఒకే మాటన్నాను, "అడగొద్దా?" అంతే, అప్పటినుంచి ఇద్దరి నోళ్లకూ తాళాలు. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, మేం ఆ పిడికెడు కూడా పంచుకోలేక ఎదుటివాళ్ల ఒళ్లో వేస్తున్నాం, వేసి వేసి చివరికి బొజ్జయ్య ఒళ్లో పడింది.

నిజం చెప్పనా? ఎవరికి, నాకు నేను చెప్పుకోవడానికి కూడా రెండు రోజులు పట్టింది. ఆయన మర తిప్పుతుంటే నేను విన్నాను. కుంట నిశ్శబ్దంగా ఉంది, పిట్ట కూడా అరవట్లేదు. టిక్కు, టిక్కు, ఆరు. ఆరు దగ్గర ఆగిపోయాడు. ఒకటిన్నర మిల్లులకు ఇరవై ఒకటి రావాలి. నేను చిన్నప్పటినుంచి అంకెలు లెక్కపెట్టకుండా ఉండలేను, మెట్లు లెక్కపెడతాను, బస్సు కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెడతాను, ఆరు అని నాకు స్పష్టంగా తెలుసు. నోటిదాకా వచ్చింది. అప్పటికి పది నిమిషాల ముందే, అట్ట దగ్గరికి నడుస్తూ, నీ కాలేజీ లెక్కలు కాగితానికి పనికొస్తయ్, పందికి పనికిరావు అన్నాడు. సరే పో, అనుకున్నాను. నీ ముప్పై ఐదేళ్ల లెక్కే కానీ, తప్పితే తెలుస్తుంది నీకే, అనుకున్నాను. తప్పాలనే కోరుకున్నానా? లేదు. లేదు అనుకుంటున్నాను. పోతే పంది పోతుంది, తూటా దండగై ఆయన ఏడాదంతా తలుచుకుంటాడు, నేను ఏడాదంతా నవ్వుకుంటాను, ఇంతవరకే నా బుర్ర పోయింది. దెబ్బ తగిలీ చావని పంది సంగతి దానికి తట్టలేదు, ఇప్పచెట్టు కింద వంగిన మనిషి అసలే తట్టలేదు. ఆయన అడగకపోవడం పొరపాటు. నాది పొరపాటు కాదు, నేను విని ఊరుకున్నాను.

ఎండ దరి మీదినుంచి పైకి జారుతోంది, ఇసుకంతా నీడ. ఇంకో అరగంట, అంతే. దోమలు. మోచెయ్యి తిమ్మిరెక్కింది. ఎక్కడో బొగ్గు లారీ గేరు మార్చిన చప్పుడు రోడ్డు మీదినుంచి ఇక్కడిదాకా వస్తోంది. అబ్బా ఊపిరి మారింది. ఆయన ఊపిరి మారితే నాకు తెలుస్తుంది, పదేళ్లప్పటినుంచి పక్కన పడుకుని విన్నాను. పొదల అంచున నల్లగా ఒకటి. కాసేపు కదల్లేదు. తర్వాత దిగింది, ముందు కాళ్లు సరిగానే పడుతున్నాయి, వెనక భాగం ఈడుస్తోంది, రెండడుగులకొకసారి ఆగుతోంది. అయ్యో. పందైనా ఏదైనా, రెండు రోజులు అట్లా తిరిగింది, మా వల్ల. పాయ దగ్గరికి వచ్చి మూతి నీళ్లలో పెట్టింది, పక్కకు తిరిగి, మొన్న నిలబడ్డట్టే నిలబడింది. అబ్బా వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. గీత పట్టు అని చెప్పాలా, ఊరుకోవాలా? ఊరుకోవడమా! ఊరుకునే కదా ఇంత చేశాను.

"అబ్బా," అన్నాను. "మర తిప్పినవా?"

ఆయన కన్ను తీయలేదు. "అవ్."

"ఎన్ని?"

"పదిహేను." కన్ను తీయకుండానే అన్నాడు, "నీ లెక్క చేసి చూసిన. టేకులపల్లిల నోటుబుక్కు కొని, రెండు పేజీలు పట్టింది."

పదిహేను. ఆయన మిల్లును నిమిషాలు చేసుకుని, ఇరవై ఒకటిలోంచి ఆరు తీసి, కొట్టం వెనక ఒక్కడే కూర్చుని, నాతో అనకుండా. ఏడుపొచ్చింది, దానికి ఇది సమయం కాదు. "గీతలు చూడకు," అన్నాను, "నడిమిలనే కొట్టు." భుజం, అన్నాడు నోట్లోనే. ఊపిరి సగం వదిలాడు. చప్పుడు అడవంతా తిరిగి వచ్చింది. పంది ముందుకాళ్ల మీద మోకరిల్లి పక్కకు ఒరిగింది, ఒకసారి కాళ్లు తన్నుకుంది, ఇక లేదు.

చచ్చిందో లేదో పావుగంట ఆగి, ఇసుక దాటి దగ్గరికి నడిచాం. కొత్త దెబ్బ భుజం వెనక, పెట్టిన చోటే. పాత దెబ్బ దానికి వెనగ్గా, కడుపు మీద, ఈగలు ముసిరి. నేను మోకాళ్ల మీద కూర్చుని, ముట్టుకోకుండా, రెండు దెబ్బల మధ్య గాల్లో చెయ్యి చాచాను. బొటనవేలినుంచి చిటికెనవేలి దాకా సరిగ్గా సరిపోయింది. వెనక ఆదెమ్మ వచ్చి నిలబడింది. "ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?"

"జానెడు," అన్నాను. "మొన్న జానెడు తప్పింది ఆదెమ్మా. దేవత కాదు, మేము. లెక్క తప్పు చేసినం."

"మర తిప్పింది నేను," అబ్బా అన్నాడు, వెంటనే. "అడగకుండ తిప్పిన."

"తప్పు తిప్పిండని నాకు వినవడ్డది," అన్నాను. "ఆరే టిక్కులు. ఇరవై ఒకటి కావాలె. విన్న, చెప్పలే."

ఆదెమ్మ పందిని చూసింది, నన్ను చూసింది. ఆవిడ ముఖంలో కోపం వస్తుందనుకున్నాను, రాలేదు, అదే ఎక్కువ కష్టంగా ఉంది. "వినవడ్డదా? మరి నోరెందుకు లేవలే?"

"కోపమొచ్చింది. అబ్బా మీద."

కోయభాషలో తనలో తను ఏదో అనుకుంది, నాకు అర్థం కాలేదు. తర్వాత తెలుగులో, మెల్లగా అంది. "మీ ఇంట్ల కోపానికి మా ఇంట్ల కాలు పోవాల్నా బిడ్డా?"

ఆదెమ్మ కొంగు నడుముకు బిగించి, పందిని ఊరోళ్లు పూడ్చుకుంటరు, మీరు నడువున్రి, అంది. "నిన్నటిసంది తప్పు నాదే నాదే అని దేవతకు దండం పెట్టుకుంట పడున్నడు. గీ మాట నాకు కాదు, ఆయనకు చెప్పున్రి. పొద్దున పెద్దమనుషుల ముంగట గూడ చెప్పున్రి." ఆవిడ ముందు నడిచింది. అబ్బా మిగిలిన తూటా రైఫిల్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు, "కొత్తగూడెం ఆఖరి బస్సు ఎన్నింటికి?" అని ఆమెను అడిగాడు.